చిలకపచ్చ చీర కింద గుంటనక్క

మా కాలేజీ ఎదురుగా ఉన్న హోటల్లో ఉగ్గాని బాగుంటుంది. బొరుగులు సరిగ్గా నానబెడతారు, పప్పుల పొడి చెయ్యి బిగపట్టకుండా వేస్తారు, మిరపకాయ బజ్జీ పళ్లెంలోకి వచ్చేసరికి ఇంకా చిటపటలాడుతూనే ఉంటుంది. నా ఫిర్యాదల్లా నిమ్మకాయ గింజ గురించే. అక్కడ నిమ్మకాయ పిండే మనిషి గింజలు తీయడు. ఆ గింజ ఎవరో ఒకరి పళ్లెంలో పడాలి కదా, నా పళ్లెంలో పడుతుంది. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం తెల్లవారుజామునే అదే బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుని తినే మా లైబ్రేరియన్‌కు ఇంతవరకూ ఒక్క గింజా రాలేదు. ఒకసారి పరీక్షించి చూద్దామని పళ్లేలు మార్చుకున్నాం. గింజ కూడా నాతోపాటే మారింది.

"ఎవరో ఒకరికి పడాల కద సార్," అన్నాడాయన, నోట్లో బజ్జీ పెట్టుకుని.

మాది అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. మరీ మంచిదీ కాదు, మరీ చెడ్డదీ కాదు. నేను ఎకనామిక్స్ చెబుతాను. కొరత అనే పాఠం చెప్పడానికి మా జిల్లాలో ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. ఆయన లైబ్రరీ చూసుకుంటాడు. పిల్లలు పుస్తకాల కోసం రావడం మానేసి చాలాకాలమైంది కాబట్టి ఆయన దగ్గర ఓపిక బాగా నిలవ ఉండిపోయింది. ఆ ఓపికే నన్ను దెబ్బ తీసింది.

మా ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒక్కటే. ఆదివారం పూట గుట్టలూ చేలూ తిరిగి అడవి జంతువుల ఫోటోలు తీయడం. చెరో కెమెరా ఉంది. దూరంగా ఉన్న జంతువును దగ్గరికి లాగే పెద్ద లెన్స్ మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్కటే. బెంగళూరులో ఒక స్టూడియో ఆయన పూర్తిగా పెళ్లి వీడియోలకు మారిపోతూ వదిలించుకుంటే తెచ్చుకున్నాం. సొరకాయంత పొడుగు, చంటిబిడ్డంత బరువు. ఒక ఆదివారం ఆయనది, మరుసటి ఆదివారం నాది. ఆ రోజు లెన్స్ ఎవరిదైతే వాళ్లు బండి వెనక కూర్చోవాలి, రెండోవాళ్లు నడపాలి. శనివారం సాయంత్రం లైబ్రరీ బల్ల మీద లెన్స్ చేతులు మారుతుంది. పుస్తకాలకు రాసినట్టే దానికీ ఆయన ఒక కార్డు రాసిపెట్టాడు. తీసుకున్న తేదీ, సంతకం. స్నేహితుల మధ్య ఇదేంటి సార్ అని అడిగాను.

"పుస్తకాలు ఎత్తుకుపోయినోళ్లంతా స్నేహితులే సార్," అన్నాడు.

లెన్స్‌కు బూజు పడుతుందని ఆయన దాన్ని తేమ పీల్చే పొట్లాల మధ్య, మూత గట్టిగా బిగుసుకునే డబ్బాలో దాస్తాడు. నా వారం వచ్చినప్పుడు ఆ డబ్బా పొట్లాలతో సహా మా ఇంటికి వస్తుంది. మా జిల్లాలో ఆ పొట్లాలకు పెద్దగా పని ఉండదు. ఉద్యోగం ఉండి పని లేనివాళ్లు కాలేజీలో మేమిద్దరం ఉన్నాం, ఇంట్లో అవి ఉన్నాయి.

ఈ ఆరేళ్లలో జంతువులు ఆయన ఆదివారాలు ఏవో నేర్చుకున్నాయి. కళ్యాణదుర్గం వైపు గుట్టల్లో సీతాఫలాలు పండే రోజుల్లో ఒక ఎలుగుబంటి బండ మీదికి ఎక్కి, తీరిగ్గా కూర్చుని, పండు చేత్తో పట్టుకుని తిన్నది. అది ఆయన ఆదివారం. నేను బండి స్టాండు వేస్తున్నాను. కర్ణాటక సరిహద్దు దగ్గర నల్లరేగడి మైదానంలో మగ కృష్ణజింక ఒకటి, కారణం ఏమీ లేకుండా, మనిషెత్తు గాల్లోకి ఎగిరింది. అది కూడా ఆయన ఆదివారమే. నా ఆదివారాల్లో అదే మైదానంలో అవే జింకలు నిలబడి గడ్డి తింటాయి, వెనక్కి తిరిగి.

నా దగ్గరున్న వాటిల్లోకెల్లా మంచి ఫోటో కృష్ణజింక వెనక భాగం. వెనక భాగాల్లో అంత స్పష్టంగా వచ్చింది ఇంకొకటి లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని ఒకసారి చూస్తారు. తర్వాత మంచినీళ్లు అడుగుతారు.

అసూయ అనేది పెద్ద మాట. నాకున్నది అంత కాదు. ఎలుగుబంటి ఫోటో చూసిన రోజు నాకు అన్నం సహించలేదు, జింక ఎగిరిన వారం ఆయన పలకరిస్తే రెండు రోజులు వినపడలేదు. అంతే.

దానికితోడు ఆయనకూ నాకూ ఒక విషయంలో పడదు. నాకొక సిద్ధాంతం ఉంది. అడవి జంతువు ఫోటోలో మనిషి చేసిన వస్తువు ఏదీ కనబడకూడదు. కరెంటు తీగ, సిమెంటు స్తంభం, గాలిమర, ఏదీ. మా ప్రాంతంలో ఇది పాటించడం కొంచెం కష్టం. ఏ గుట్ట వైపు తిప్పినా గాలిమర రెక్క ఒకటి వచ్చి జింక నెత్తి మీద నిలబడుతుంది. అన్నిటికంటే పెద్ద పీడ చీరలు. వేరుశనగ చేనులో అడవిపందులు పడకుండా మా రైతులు చేను చుట్టూ కట్టెలు పాతి పాత చీరలు కడతారు. గాలికి అవి ఊగుతుంటే మనుషులున్నారని పందులు అనుకుంటాయట. అనుకుంటాయో లేదో పందులనే అడగాలి. పొద్దున్నే ఆ చేల మధ్య పోతుంటే మాత్రం ఊళ్లోని ఆడవాళ్లంతా ఒకేరోజు బట్టలుతికి ఆరేసినట్టుంటుంది. ఎరుపు, పసుపు, పూలవి, చుక్కలవి. నేను వాటిని తప్పించి ఫోటో తీయడానికి ముళ్లకంపల్లో కూర్చున్న సందర్భాలున్నాయి.

"పంది చీరను చూసి పట్టించుకుంటే అర్థముండాది. మీకేంటికి సార్ అంత పట్టింపు?" అనేవాడు లైబ్రేరియన్.

మా అన్న చేనుకూ చీరలున్నాయి. మా ఊరు కదిరి రోడ్డులో ఉంది. చేను చూసుకునేది అన్న ఒక్కడే. ఆ ఏడు బోరులో నీళ్లుండడంతో ఎండాకాలం వేరుశనగ వేశాడు. చీరలు చాల్లేదని కబురు చేస్తే మా ఆవిడ ఇంట్లో పాతవన్నీ మూటగట్టింది. ఆ మూటలో ఒక చిలకపచ్చ చీర కనబడింది, వంకాయరంగు అంచుతో. మా మొదటి పెళ్లిరోజుకు నేను స్వయంగా ఏరి తెచ్చిన చీర అది. మా ఆవిడ పుట్టిల్లు ధర్మవరం. ఇంట్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మనిషికి భర్త చీర కొనడం సాహసం, కానీ అప్పటికి నాకు పెళ్లయి ఏడాదే. పట్టు అనుకునే కొన్నాను. కాదని ఆమె అంచును రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి చెప్పింది. ఇన్నేళ్లలో రెండుసార్లు కట్టింది.

"ఇది కూడానా?" అన్నాను.

"పందులు బెదరాలంటే దీన్ని మించింది ఇంట్లో ల్యాదు," అంది.

నేను మూట ముడి బిగించాను.

ఏప్రిల్ మొదట్లో ఒక శుక్రవారం అన్న ఫోన్ చేశాడు.

"ఒరే, మన చేని గట్టున గుంటనక్క పిల్లల్ని పెట్టినాది. మూడుండాయి. పొద్దు పొడిచేసరికి మీ ఇంటి పచ్చ చీర కింద నుంచి బయటికొచ్చి ఆడుకుంటాండాయి. ఆదివారం వచ్చి ఫోటో తీసుకోపోరా."

"మన చేన్లోనా?"

"మన చేన్లోనే. నక్కకు యాడైతే ఏమప్పా?"

ఆదివారం నాకు ధర్మవరంలో పెళ్లి ఉంది, మా ఆవిడ పిన్ని కూతురిది. అన్నకు అదే చెప్పాను. కానీ అసలు కారణం అది కాదు. జంతువు అంటే బండి మీద రెండు గంటలు పోయి, ఆ తర్వాత నడిచి, నాలుక పిడచకట్టుకుపోయి, చివరికి కనబడకుండా ఉండేది అని నా మనసులో స్థిరపడిపోయింది. మా నాయన వేరుశనగ వేసిన చేను, నేను పలక పట్టుకుని కూర్చున్న గట్టు, అక్కడ ఏముంటుంది? పైగా ఆ ఆదివారం లెన్స్ నాది కాదు.

శనివారం సాయంత్రం డబ్బా అప్పజెబుతూ, నవ్వుకోవడానికి బాగుంటుందని, లైబ్రేరియన్‌తో ఈ సంగతి అన్నాను. "మా అన్న చేన్లో నక్కకు కానుపైంది సార్. చూసిపోదురు రమ్మంటున్నాడు. నేను పెళ్లికి పోవాలి, మీరన్నా పోయిరండి." నేను తమాషాకు అన్నాను. ఆయన తమాషాకు పోలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం ధర్మవరంలో, పట్టుపంచె జారకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటున్నప్పుడు నా ఫోన్ మోగింది. కెమెరా వెనక తెర మీద కనబడే బొమ్మను ఆయన ఫోన్‌తో తీసి పంపాడు.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఎదురెండ చీరలోంచి వస్తోంది. చిలకపచ్చ రంగు వెలుగై కింద ఎర్రమన్ను మీద పడుతోంది. ఆ పచ్చ వెలుగులో మూడు నక్క పిల్లలు. ఒకటి గుంటలోంచి సగం బయటికి వచ్చి ఆవులిస్తోంది. ఒకటి వంకాయరంగు అంచును నోట కరుచుకుని వెనక్కి లాగుతోంది. మూడోది నేరుగా మన వైపు చూస్తోంది, ఎవరింటికి వచ్చినావు అన్నట్టు. వెనక తల్లి కాళ్లు మాత్రం కనబడుతున్నాయి, చీర చాటున. మొగుడి మీద అలిగి తలుపు వెనక నిలబడిన మనిషి కాళ్లలాగా.

నేను ఓళిగ పక్కన పెట్టేశాను.

మా ఆవిడ భుజం మీద నుంచి తొంగిచూసి ఫోన్ లాక్కుంది. "అయ్య, ఇది నా చీర కదా!" అంది. ఆ తర్వాత ఆ ఫోన్ నా చేతికి రాలేదు. పంక్తి పొడుగునా తిరిగింది. ధర్మవరం వాళ్లు నక్కల్ని చూడలేదు. పెళ్లికూతురి మేనత్త తెరను వేళ్లతో పెద్దది చేసి, "ఎండకూ వానకూ ఉన్నా రంగు ఎలిసిపోలేదే, గట్టి రంగే," అంది. ఆమె భర్త అంచు నేత గురించి ఏదో తప్పు పట్టాడు. ఇంకెవరో "ఆ నక్కలు యాడివి?" అని అడిగితే మా ఆవిడ, "నక్కల సంగతి నాకు తెల్దు. చీర మాత్రం మాది," అంది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ చీర తనదని ఆమె చెప్పుకోవడం నేను వినడం అదే మొదలు.

సోమవారం స్టాఫ్‌రూములో అందరికీ ఆ ఫోటో వచ్చేసింది. కామర్స్ ఆయన, "నక్క తోక తొక్కినావప్పా!" అని లైబ్రేరియన్ వీపు మీద చరిచాడు. బుధవారం పేపర్లో జిల్లా పేజీ మీద వేశారు. ప్రిన్సిపాల్ ఆ కాగితం కత్తిరించి నోటీసు బోర్డు మీద, ఫీజు గడువు పక్కన పెట్టించాడు. అందరూ నన్ను కూడా పలకరించారు. "మీ చేన్లోదే కదా సార్?" "మీ మేడమ్ చీరే కదా సార్?" అవునన్నాను. నాకు సంబంధించినవన్నీ ఆ ఫోటోలో ఉన్నాయి. నేను నొక్కాల్సిన మీట మాత్రం ఇంకొకరు నొక్కారు.

గురువారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు, చంకలో ఫ్రేముతో. "చీర మీది, చేను మీది. నేను ఊరికే పండుకొని మీట నొక్కినా," అని మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. అదే భరించడం కష్టం. కొంచెం గొప్పలు పోయినా నాకు సౌకర్యంగా ఉండేది.

ఆయన గేటు దాటకముందే మా ఆవిడ కుర్చీ ఎక్కి నా కృష్ణజింకను దించింది.

"దాన్నెందుకు తీస్తున్నావు? గోడ ఇంత ఉంది కదా."

"దానికి మొహమన్నా ఉంటే ఉంచుదును," అంది.

జింక ఫ్రిజ్ వెనక్కి పోయింది. వెనక భాగానికి వెనక భాగమే చోటని ఆమె ఉద్దేశం కాబోలు. నేను అన్నం తినే చోట తలెత్తితే ఎదురుగా నక్క పిల్ల, ఎవరింటికి వచ్చినావు అన్నట్టు.

వచ్చే ఆదివారం నాది. మూడు రోజులు నేను దాని గురించే ఆలోచించాను. అవే పిల్లలు, అదే గట్టు, అదే ఎండ. చీర మాత్రం ఉండకూడదు. అప్పుడు తెలుస్తుంది అడవి జంతువు ఫోటో అంటే ఏమిటో. ఎర్రమన్ను, గుంట, ఆకాశం, నక్క. పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లెవరైనా, ఇది ఫోటో, అది బట్టలకొట్టు క్యాలెండరు అంటారు. అలా అనాలని నాకు ఎంత ఉండిందో చెప్పలేను. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక కుర్రాడికి నక్క గురించి ఆలోచిస్తూనే పదికి తొమ్మిది వేశాను.

శనివారం కార్డు మీద సంతకం పెడుతుంటే లైబ్రేరియన్ అడిగాడు, "రేపు యాడికి సార్?"

"రేపు కుదరదు సార్. కడుపు బాగలేదు."

"అట్లనా. లెన్స్ నేను తీసుకుపోదునా మరి? మీ అన్న చేనుకే పోయి..."

"ఉండనీండి సార్. మేడ మీద పడుకుని పిచ్చుకలను తీస్తాను."

"మజ్జిగలో సొంటి కలుపుకొని తాగండి సార్," అన్నాడాయన, కార్డు సొరుగులో పెడుతూ.

ఆదివారం ఒక్కడినే బయలుదేరాను. హోటల్ దగ్గర ఆయన కంటపడతానేమోనని ఉగ్గాని కూడా తినలేదు. ఆ రోజు గింజ ఎవరికి పడిందో తెలియదు. ఊరు చేరేసరికి తూరుపు తెల్లబడుతోంది. త్రీఫేజు కరెంటు అప్పుడే ఇచ్చినట్టున్నారు, అన్న బోరు దగ్గర నిలబడి సాళ్లకు నీళ్లు పారేలా మడవ తిప్పుతున్నాడు.

"ఏమప్పా, మీ సారు రాల్యా?"

"ఆయనకు కడుపు బాగలేదన్నా," అన్నాను. ఒక అబద్ధం చేతిలో ఉండగా ఇంకోటి ఎందుకని అదే వాడుకున్నాను.

"అయ్యో! మంచి మనిషప్పా. పోయిన వారం వచ్చి గట్టు కింద మన్నులో పండుకొన్నాడు సూడు, చీమలు కుట్టినా కదల్ల్యా. నక్క ఆయన్ని గూడా గట్టే అనుకొని ఉంటాది. తీసుకున్నాక వచ్చి నాతో బాటు మడవ గూడా తిప్పినాడు. పో, పో, నువ్వు గూడా అట్లే పండుకో."

గట్టు చేనుకు అటు చివర ఉంది, బోరు దగ్గరి నుంచి వెనక గుట్ట కనబడుతుంది కానీ, కంపచెట్ల అడ్డంతో ఆ వైపు చీరలు కనబడవు. అక్కడ వరసగా నాలుగు చీరలు. నీలంది, ఎర్రచుక్కలది, ఏ రంగో చెప్పలేనిది, చిలకపచ్చది. నేను నాలుగూ విప్పి, బండ మీద మడతపెట్టాను. చిలకపచ్చ చీర అంచు దగ్గర నక్క పిల్ల పళ్లగాట్లున్నాయి. విప్పాక దూరం నుంచి చూస్తే ఎంత బాగుందో! ఎర్రగట్టు, నల్లటి గుంట, దాని పైన ఒట్టి ఆకాశం. నా సిద్ధాంతం నా కళ్లెదుట నిలబడింది. పోయి బోర్లా పడుకున్నాను.

తల్లి నక్క చేనుకు అవతలి నుంచి వచ్చింది. పిల్లి కంటే కొంచెం పెద్దది, పుల్లల్లాంటి కాళ్లు, సిరాబుడ్డిలో ముంచి తీసినట్టు నల్లటి తోక చివర. నోట్లో ఎలుక. గట్టుకు బాగా దూరంలో ఆగిపోయింది. నన్ను చూసి ఆగిందనుకుని ఊపిరి బిగపట్టాను. అది నా వైపు చూడనేలేదు. చీరలు ఉండాల్సిన చోటు వైపు చూస్తోంది. ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు. అప్పుడు నాకు ఒక సంగతి తోచింది, కొంచెం ఆలస్యంగా. నాకు అవి చీరలు. దానికి అది గోడ. ఆ గోడ లేచాకే అది అక్కడ పిల్లల్ని పెట్టుకుంది. దాని ఇల్లు చూడటానికి వచ్చి, చూపు బాగా ఆనడం కోసం నేను గోడ పడగొట్టాను.

ఎలుకను కింద పెట్టి, గొంతులోంచి చిన్నగా రెండుసార్లు అరిచింది. ఫోటోకు అందే దూరం కాదు. ఇంకా దగ్గరికి వస్తుందని మీట మీద వేలు పెట్టి కాచుకున్నాను. చూస్తుండగానే కనబడకుండా పోయింది. పొద్దెక్కింది. చీమలు నన్ను కూడా కుట్టాయి. ఆ విషయంలో మాత్రం లైబ్రేరియన్‌కూ నాకూ తేడా చూపలేదు. నక్కగుంటకు ఒకే దారి ఉండదని చిన్నప్పుడు మా నాయన చెప్పినట్టు గుర్తొచ్చేసరికి బోరు దగ్గర నుంచి అన్న కేక వినబడింది.

"ఒరే! యాడ చూస్తాండావు? నీ ఎనకాలప్పా, ఎనకాల! పిల్లల్ని నోట కరుచుకొని పోతాండాది!"

తిరిగాను. సొరకాయంత లెన్స్ నాకంటే నిదానంగా తిరిగింది. అది దూరపు వస్తువును వెతికి పట్టుకునేసరికి గుట్ట కింది రాళ్ల మధ్యకు నల్లటి తోక చివర ఒకటి దిగిపోయింది. అది మూడో పిల్లను మోసుకుపోవడమట. మొదటి రెండింటినీ నేను ఆకాశం ఎంత బాగుందో చూస్తుండగా మోసేసింది.

వచ్చినందుకు గుంటను ఒక ఫోటో తీశాను. చీరలు మళ్లీ కట్టాను. నేను వేసిన ముళ్లు డిగ్రీ చదివినవాడి ముళ్లు, చూడటానికి బాగుంటాయి. అన్న మజ్జిగ ఇచ్చాడు. "పిల్లల్ని చోటు మార్చినట్టుండాది. ఏం జూసి బెదిరిందో ఏమో," అన్నాడు. నేను మజ్జిగ తాగాను.

శనివారం దాకా ఆగకుండా సోమవారమే లైబ్రరీకి పోయి డబ్బా ఇచ్చేశాను. లైబ్రేరియన్ సొరుగులోంచి ఒక పొట్లం తీశాడు. సొంటి, ఇంట్లో దంచించి తెచ్చినది. "ఎట్ల ఉండాది సార్ కడుపు?" అన్నాడు. నయమన్నాను. "ఈ ఆదివారం ఇద్దరం పోయి నక్క పిల్లల్ని చూసొద్దాం సార్. లెన్స్ నా వారమే కానీ, ఆడికి పోయేది కాబట్టి మీరే పట్టుకోండి. నేను బండి నడుపుతా." పొట్లం జేబులో పెట్టుకుని క్లాసు ఉందని చెప్పి వచ్చేశాను. ఆ పీరియడు నాకు క్లాసు లేదు.

వరండాలో ఉండగానే అన్న ఫోన్ వచ్చింది. చేన్లో పందులు పడ్డాయి.

సాయంత్రం పోయి చూశాను. గట్టు పక్క నాలుగు సాళ్లు నాగలి పెట్టినట్టు తిరగబడి ఉన్నాయి. పీకి నమిలేసిన పచ్చికాయల తొక్కలు, తెగిన ఊడలు. మిగతా మూడు చీరలు వాటి చోట్లో ఊగుతున్నాయి. చిలకపచ్చది మట్టిలో పడి ఉంది, మధ్యకు నిలువునా చినిగి, పందుల కాళ్ల కింద నలిగి. ఒక కొస మాత్రం కట్టెకు ఇంకా పట్టుకుని ఉంది. అన్న ఆ కొస దగ్గర కూర్చుని ముడిని వేళ్లతో తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఈ ముడి నాది కాదే," అన్నాడు.

నేను చెప్పేశాను.

"ఏంటికి విప్పినావు?"

"ఫోటోలో చీర పడకూడదని."

"పడల్యా?"

"చీర పడలేదు."

"నక్క?"

"నక్కా పడలేదు."

అన్న ఆ ముడి విప్పేశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. తిడతాడేమో అని కూడా అనుకున్నాను. రెండూ చేయలేదు.

"నాలుగు సాళ్లు పోతే పోనీలే. ఆ నక్క ఉన్నన్నాళ్లూ ఎలకల బాధ ల్యాకుండె. ఇంక అవి మొదలవుతాయి," అని లేచి చేతులు దులుపుకున్నాడు. "రెండు చీరలు కావాల. ఇంట్లో అడిగి రేప్పొద్దునకల్లా తెచ్చియ్యి. ఈసారి కట్టేది నేను కడతాలే. ఇంతకూ ఆ సారుకు ఎట్ల ఉండాది కడుపు?"

"నయంగా ఉంది," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పైన గోడ మీద నక్క పిల్ల.

"పాత చీరలు ఇంకో రెండుంటే ఇస్తావా? అన్న అడిగినాడు."

"మొన్ననే మూటెడు ఇస్తి కదా. ఏమైనాయి?"

"పందులు పడినాయి."

"పచ్చది కట్టినప్పట్నుంచి రాకపోయె కదా. ఇప్పుడెట్లొచ్చినాయి?"

పచ్చది చినిగిపోయిందని చెప్పాను. ఎట్లా చినిగిందని అడిగింది. ముడి సంగతి చెప్పాల్సి వచ్చింది. ముడి సంగతి చెబితే విప్పిన సంగతి, విప్పిన సంగతి చెబితే కడుపునొప్పి సంగతి. వరసగా అన్నీ వచ్చాయి. ఆమె చిక్కుడుకాయలు ఒలవడం ఆపలేదు. నేను చెప్పడం అయిపోయాక చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏదీ, చూపీ ఆ ఫోటో," అంది.

కెమెరా ఆన్ చేసి ఇచ్చాను. ఎర్రమన్ను గట్టు, గుంట, ఆకాశం. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకుని, బట్ట నాణ్యం చూసేటప్పుడు చూసినట్టు, పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి చూసింది. తర్వాత తలెత్తి గోడ మీద ఉన్నదాన్ని చూసింది. కెమెరా నా చేతికి తిరిగి ఇచ్చింది.

"ఆయప్ప దాంట్లో నా చీరన్నా ఉండాది. నీ దాంట్లో ఏముండాది?"